మూడో గడి

పెదజాలారిపేట, విశాఖపట్నం
ఫిబ్రవరి 24

బెంగళూరు దొరసాని రోజారమణికి,

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరం ఎందుకు అంటావని తెలుసు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అంటావు. నేను అడగాలనుకున్నది అడక్కుండానే "సరే వదినా, మీటింగ్ ఉంది" అని పెట్టేస్తావు. కాగితం మీదయితే మధ్యలో అడ్డుపడలేవు. మీ అమ్మ బాగుంది. మీ అన్న బాగున్నాడు. నేనూ బాగున్నాను. ఇక విషయానికొస్తాను.

హార్బర్ బోట్ల పేజీ సంగతి. రెండేళ్ళ కిందట నువ్వు పక్కన కూర్చుని నేర్పిస్తే నా చేత్తో రాసిన పేజీ. ఐసు ఫ్యాక్టరీ గోడ మీద సుద్దముక్కతో గీసే నల్లబోర్డునే అందులోకి ఎక్కించాం కదా. బోర్డు మీద ఉన్న నాలుగు గడులే పేజీలోనూ ఉన్నాయి: బోటు పేరు, వెళ్ళిన వేళ, వచ్చిన వేళ, ఆఖరి కబురు. వైర్‌లెస్ గదిలో కూర్చునేది నేను కాబట్టి నింపేదీ నేనే. బోటు వెళ్తే రెండో గడి నింపుతాను. సముద్రం మీంచి సెట్టులో మాట్లాడితే ఆ వేళ నాలుగో గడిలో వేస్తాను. బోటు ఒడ్డుకొస్తే మూడో గడి నింపుతాను. వచ్చేదాకా అది ఖాళీగా ఉంటుంది.

ఈ నెల మొదట్లో ఒక బోటు శుక్రవారం సాయంత్రం 6:10కి కబురు పెట్టింది, ఇంజను మొరాయిస్తోంది, మెల్లగా వచ్చేస్తున్నాం అని. ఆ తర్వాత సెట్టులో మాట లేదు. శనివారం గడిచింది, ఆదివారం గడిచింది. నా కంప్యూటర్లో మూడో గడి ఖాళీగానే ఉంది. మన పద్ధతి నీకు తెలుసు. వాడొచ్చాడా అని ఎవరూ నోటితో అడగరు, రాలేదని ఎవరూ నోటితో చెప్పరు. గడి ఖాళీగా కనిపిస్తే చాలు, తెల్లవారి వేటకెళ్ళే బోట్లు ఎవరూ చెప్పకుండానే అటు వెతుకుతూ వెళ్తాయి. అందుకే నేనూ, ఆ బోటు నడిపే తండేలు ఇంట్లోవాళ్ళూ ధైర్యంగా కూర్చున్నాం, వెతుకుతూనే ఉంటారని.

ఒక్క బోటు కూడా వెతకలేదు రమణీ. సోమవారం కళింగపట్నం వాళ్ళెవరో చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. ఆరుగురూ బతికే ఉన్నారు గానీ, తాగే నీళ్ళు అయిపోయి అప్పటికే ఒక రోజు దాటింది. లాక్కొస్తున్నారని కబురు రాగానే మనవాళ్ళని అడిగితే "పేజీలో వచ్చీసినట్టే ఉంది గదా, సుక్రారం ఆరూ పదికి" అన్నారు. ఫోన్లు తీసి చూపించారు. నా కంప్యూటర్లో నాలుగో గడిలో ఉన్న 6:10, వాళ్ళ ఫోన్లలో మూడో గడిలోకి జరిగి కూర్చుంది. అంతకు ముందు వారం కూడా ఒకటి రెండు బోట్లకి అలా చూపించే ఉంటుంది. అవి వేళకి వచ్చేయడంతో ఎవరూ పట్టించుకోలేదు.

ఒకటే పేజీ. నింపేది నేనొక్కదాన్నే. ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఎందుకు చూపిస్తుంది? సంఘం ప్రెసిడెంటు తిరుమలరావు గారు పేజీ మూసేయించి మళ్ళీ నల్లబోర్డు పెట్టించారు. జూన్‌లో వేట నిషేధం ముగిసేలోపు సంగతి తేలితే సరి, లేకపోతే పేజీ ఇక ఉండదన్నారు. ఈశ్వరి పేజీ ఆరుగురి ప్రాణం మీదికి తెచ్చిందని హార్బరంతా అంటోంది. నాకది సహించడం లేదు. తప్పు నాదైతే దిద్దుకుంటాను. నాది కాకపోతే ఎవరిదో చెప్పు.

మీ వదిన,
ఈశ్వరి


బెంగళూరు
మార్చి 3

వదినకి,

కాగితం మీద కూడా నువ్వే గెలిచావు. ఉత్తరం తెరవగానే మీటింగ్ మానేసి చదివాను.

పేజీ అంటే నువ్వు రాసిన ఆదేశాలు. ఇక్కడ పట్టిక మొదలు, ఇది వరుస, ఇది గడి అని. ఆ ఆదేశాలకి అర్థం ఏమిటో చెప్పే పుస్తకం ఒకటుంది, దాన్ని స్టాండర్డ్ అంటాం. అది ఏ ప్రభుత్వమూ రాసింది కాదు. బ్రౌజర్లు తయారు చేసే కంపెనీల మనుషులు, బయటివాళ్ళు, ఓపిక ఉన్న ఎవరైనా సరే, అందరికీ కనపడేలా ఇంటర్నెట్‌లో వాదించుకుని రాస్తారు. నేనూ అప్పుడప్పుడు ఆ వాదనల్లో దూరుతుంటాను. అయితే ఆ పుస్తకానికి పోలీసులు లేరు. బ్రౌజర్ దాన్ని చదువుకుని పేజీని గీస్తుంది. సరిగ్గా గీయకపోతే జైల్లో పెట్టేవాళ్ళెవరూ లేరు.

ఒక్కోసారి వ్యవహారం తలకిందులుగా కూడా నడుస్తుంది. బ్రౌజర్లన్నీ ఒక పనిని అలవాటుగా చేసేస్తుంటే, తర్వాత తీరిగ్గా పుస్తకంలో దాన్నే రాసుకుంటారు. జనం పేజీలో తప్పులు రాసినా బ్రౌజర్ కోప్పడదు, ఇలా అని ఉంటారులే అని సర్దుకుని గీస్తుంది. ఏ తప్పుని ఎలా సర్దుకోవాలో కూడా పుస్తకంలో పేజీలకి పేజీలు ఉన్నాయి, నవ్వకు.

ఖాళీ గడి గురించి మాత్రం తికమక ఏమీ లేదు. లోపల ఏమీ లేకపోయినా గడి గడే, దాని చోటు దానిదే, పక్కది జరగకూడదు. కాబట్టి నీ పేజీలో తప్పు లేదు. కానీ కొన్ని బ్రౌజర్లలో డేటా సేవర్ అని ఒకటుంటుంది. ఫోనుకి చేరేలోపే పేజీని నలిపి చిన్నది చేసి పంపుతుంది, డేటా మిగులుతుందని. ఆ నలపడంలో ఖాళీగా కనిపించినవి తీసేస్తారు. మీ హార్బర్ ఫోన్లలో అదే జరిగుంటుంది.

దీనికి అయిదు నిమిషాల పని చాలు. మూడో గడిని ఖాళీగా వదలకు. రాలేదు అని రాయి, లేదంటే ఒక అడ్డగీత పెట్టు. ఎవరి ఫోన్లోనూ జరగదు.

ఆ బోటువాళ్ళు ఇప్పుడెలా ఉన్నారు? ఎవరి బోటు? అన్నయ్యకి ఫోన్ చేస్తే అడిగినదానికి మాత్రం జవాబు చెప్పి పెట్టేస్తున్నాడు. పని ఎక్కువగా ఉందా?

రమణి


పెదజాలారిపేట
మార్చి 19

రమణీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పుస్తకం, దానికి పోలీసులు లేకపోవడం అంతా బాగా అర్థమైంది. ఆఖర్లో చెప్పిన అయిదు నిమిషాల పని దగ్గర మాత్రం ఒళ్ళు మండింది.

సముద్రం మీదున్న మనిషి పేరు పక్కన రాలేదు అని రాయమంటావా? నువ్వు ఏ పేటలో పుట్టావు? మీ నాన్న వేటకి బయల్దేరేటప్పుడు వెనక నుంచి పిలవకుండా మీ అమ్మ నీ నోరు మూసి పట్టుకునేది కాదా? ఆ మాట రాస్తే ఏ ఆడదీ నన్ను గుమ్మం తొక్కనివ్వదు. పోనీ చదువుకున్నది చెప్పింది కదా అని, ఒక ఉత్తుత్తి పేజీలో నువ్వు చెప్పిన అడ్డగీత పెట్టి సూర్యకాంతమ్మకి చూపించాను. నలభై ఏళ్ళు ఆ నల్లబోర్డు రాసిన మనిషి. చూసి, వేలితో ఆ గీతని తడిమింది. "ఇదేటమ్మా, గీత కొట్టీసినావు" అంది. వెతకడం మానుకున్న బోటుకే అక్కడ గీత కొడతారట. తుఫాను ఏడాది పదిహేను రోజులు ఎదురుచూసి, ఆమె భర్త బోటుకి ఆమే తన చేత్తో ఆ గీత గీసింది. నాకు తెలియదు రమణీ. తెలిస్తే ఆమెకి చూపించేదాన్ని కాదు. సిగ్గుతో చచ్చిపోయాను.

కాబట్టి గడి ఖాళీగానే ఉంటుంది. ఇంకేమైనా ఉంటే చెప్పు.

నేను ఊరికే కూర్చోలేదు. లేని బోటు పేరొకటి పెట్టి, మూడో గడి ఖాళీగా, నాలుగో గడిలో ఒక వేళ వేసి పేజీ తయారు చేశాను. మీ అన్న నేస్తం గోపీ వాళ్ళావిడ తాయారుని వెంటబెట్టుకుని జెట్టీ అంతా తిరిగాను. ఒక్కొక్కరి ఫోన్లో ఆ పేజీ తెరిపించి నోటుబుక్కులో రాసుకున్నాను. అరవై మూడు ఫోన్లు చూశాం. నలభై ఒక్కటి తప్పు చూపించాయి. వేటకెళ్ళేవాళ్ళ ఫోన్లన్నీ అందులోనే ఉన్నాయి, మిగతావి ఒడ్డున ఉండేవాళ్ళవి. ఆ నలభై ఒక్కటిలోనూ ఒకటే బ్రౌజర్, అన్నిటిలోనూ డేటా సేవర్ వేసి ఉంది. కొన్ని బ్రౌజర్లు అని రాశావు. కొన్ని కాదు, ఒకటే. దాని పేరు నీకు చెప్పక్కర్లేదు. నీకు జీతం వచ్చేది అక్కణ్ణించే.

ఇంకొకటి. ఎవరి బోటు అని అడిగావు. మీ అన్న బోటు. ఆ తండేలు నాగబాబే, ఆ ఇంట్లోవాళ్ళం నేనూ మీ అమ్మా. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. "సెల్లికి సెప్పొద్దు, పరిగెత్తుకొచ్చీగల్దు" అని ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు బాగానే తిరుగుతున్నాడు, కంగారుపడకు.

ఒళ్ళు కుదుటపడింది గానీ మనసు పడలేదు. గోపీతో మాట్లాడటం మానేశాడు. చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. గోపీ ఆ శనివారం తెల్లవారి అటువైపే వేటకి వెళ్ళాడు, వెతకలేదు. పేజీలో నువ్వు వచ్చేసినట్టుంది అని గోపీ అంటే మీ అన్న నమ్మలేదు. నమ్మించడానికి ఏముంది, బోటు రాగానే నేను మూడో గడి నింపేశాను, అది అందరి ఫోన్లలోనూ సరిగ్గానే కనిపించింది. ఉత్తుత్తి పేజీ చూపించబోతే "ఇప్పుడు సూపిత్తే ఏటి, అప్పుడేటి సూసినారో ఆలకే తెలాల" అని లేచి వెళ్ళిపోయాడు.

జవాబు తొందరగా రాయి. ఈసారి కొన్ని బ్రౌజర్లు అని రాయకు.

ఈశ్వరి


బెంగళూరు
మార్చి 27

వదినా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడు చింపేశాను.

డేటా సేవర్‌లో ఖాళీ గడుల్ని తీసేసే ముక్క రాసింది నేనే. కిందటి నవంబరులో రాశాను, జనవరి చివర ఫోన్లకి వెళ్ళింది. వందకి రెండు వంతుల డేటా మిగిలిందని ఆఫీసులో అందరి ముందూ చప్పట్లు కొట్టారు. రాసినప్పుడు పక్క టీము అమ్మాయి అడిగింది కూడా, పట్టికలో ఖాళీ గడి తీసేస్తే పక్కవి జరగవా అని. పట్టికలో ఖాళీ గడులు అలంకారానికి పెడతారు, ఏమీ లేనిదాన్ని పంపి డేటా దండగ ఎందుకు అని జవాబు రాశాను. ఆ జవాబు నా పేరుతో, తేదీతో ఇంకా అక్కడే ఉంది. ఎవరైనా ఆ మాట అంటే క్షమించొచ్చు. బోర్డు మీద నాన్న గడి చూసి అన్నం తినాలా వద్దా అని అమ్మ తేల్చుకునే ఇంట్లో పెరిగిన దాన్ని నేను. నాకు ఆ బోర్డు గుర్తు రాలేదు.

నీ మొదటి ఉత్తరం చదవగానే అనుమానం వచ్చింది. ఆ సాయంత్రమే పరీక్షించి చూసుకున్నాను. మా బ్రౌజర్ అని రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు బోటు ఎవరిదో దాచావు, నేను బ్రౌజర్ ఎవరిదో దాచాను. నువ్వు దాచింది నా కోసం. నేను దాచింది కూడా నా కోసమే.

అన్నయ్యకి ఫోన్ చేశాను. ఏటి సంగతులు అన్నాడు. చెప్పాల్సింది వదిలేసి, వానలు పడుతున్నాయా అని అడిగి పెట్టేశాను. మార్చిలో.

ఇక చేయాల్సింది. నీ పేజీ ఒక్కదానికైతే ఏదో అతుకు వేసి ఇవ్వగలను. కంటికి కనపడని అక్షరం పెట్టే పాత చిట్కా మాత్రం పనిచేయదు, దాన్ని కూడా పట్టి తీసేసేలా రాసిన ఘనురాలిని నేనే. ఇంకేదో దారి వెతకొచ్చు. కానీ ఇంకా ఎన్ని పేజీల్లో ఎన్ని గడులు ఎగిరిపోతున్నాయో నాకు తెలియదు. మా మేనేజరు మోహన్ దగ్గరికి వెళ్ళాను. డేటా సేవర్ ఇష్టమున్నవాళ్ళు వేసుకునేది, దారిలో నలిపిన పేజీ గురించి స్టాండర్డ్‌లో ఒక్క ముక్క లేదు, ఒక్క హార్బరు కోసం కోట్లమంది డేటా పెంచమంటావా అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. పుస్తకంలో నిజంగానే ఆ ముక్క లేదు.

అందుకని ఆ ముక్క రాయించడానికి వెళ్తున్నాను. అందరూ చదివే చోట, మా బ్రౌజర్ ఈ తప్పు చేస్తోంది, చేసింది నేనే అని రాయాలి. ఉద్యోగం మీదికి రావచ్చు, రానీ. అక్కడ మొదట అడిగే ప్రశ్న నాకు తెలుసు: ఆ గడిలో వాళ్ళు ఏదో ఒకటి రాసుకోవచ్చు కదా? నేను అడిగిన ప్రశ్నే. దానికి మీరందరూ జవాబు చెప్పాలి. నీ నోటుబుక్కు పేజీలు ఫోటో తీసి పంపు. సూర్యకాంతమ్మ మామ్మ ఏమందో ఆవిడ మాటల్లోనే రాసి పంపు.

నన్ను తిట్టాలంటే అది కూడా రాయి.

రమణి


పెదజాలారిపేట
ఏప్రిల్ 20

రమణీ,

వేట నిషేధం మొదలైంది. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, పని లేనప్పుడు పేకాట ఆడుతూ ఉన్నారు. అందుకే నీకు జవాబు ఆలస్యమైనా ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. నిజం చెప్పాలంటే ఆలస్యం అందుకు కాదు. నీ మీద కోపం. మీ అన్న పెదాలు పగిలి, నాలుక ఎండిపోయి స్ట్రెచర్ మీద పడుకున్నాడు. ఆ ముఖం కళ్ళ ముందు పెట్టుకుని నీ ఉత్తరం చదివాను. చింపేద్దామనుకున్నాను. చింపలేదు, బీరువాలో పెట్టాను. ఇంకా కోపంగానే ఉంది. పని మాత్రం ఆగకూడదని రాస్తున్నాను.

నా పేజీకి అతుకు వద్దు. జూన్ దాకా టైముంది. నువ్వు తీసింది నువ్వే పెట్టు.

నోటుబుక్కు ఫోటోలు పంపాను. సూర్యకాంతమ్మని కూర్చోబెట్టి అడిగాను, గడిలో ఏమీ రాయకపోతే అక్కడ ఏమీ లేదనే కదా అర్థం అంటున్నారు, ఏం చెప్పమంటావు అని. చేస్తున్న చేపల పులుసు దించి, చేతులు కడుక్కుని వచ్చి చెప్పింది. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"ఖాళీ అంటే ఏటీ నేదని కాదమ్మా. ఆడి సోటు ఆడికి ఉంచినామని. నువ్వు ఆ గడి తీసీసినావంటే ఆడి సోట్లో ఇంకోలు కూకుంతారు. ఆడొచ్చి ఎక్కడ కూకుంతాడు?"

ఇది చాలదంటారేమోనని ఆసుపత్రికి వెళ్ళాను. మీ అన్నకి సెలైన్ పెట్టిన నర్సు సుధారాణిని అడిగాను, మీ దగ్గర ఖాళీ గడులు ఉంటాయా అని. మందుల చార్టు తీసి చూపించింది. పొద్దుట, మధ్యాహ్నం, సాయంత్రం. మందు ఇవ్వగానే అక్కడ వేళ వేస్తారు. ఖాళీగా ఉంటే ఇంకా ఇవ్వలేదని. ఈ చార్టు ఫోన్లో జరిగితే ఏమవుతుందని అడిగితే, సాయంత్రం ఇచ్చింది మధ్యాహ్నం ఇచ్చినట్టు కనిపిస్తుందండీ, అని నావైపు వింతగా చూసింది. వాళ్ళది కాగితం చార్టే, భయం లేదు. ఇలాంటివి కంప్యూటర్లో పెట్టుకున్నవాళ్ళు ఎక్కడో ఉంటారు కదా. ఇది కూడా రాయి. హార్బరు ఒక్కటే కాదని మీ మోహన్ గారికి తెలియాలి.

మీ అన్నకి నేనేం చెప్పలేదు. చెప్పాల్సింది నువ్వు.

ఈశ్వరి


బెంగళూరు
మే 30

వదినా,

గెలిచాం. ఎలా గెలిచామో విను, అది కూడా ముఖ్యమే.

ఏప్రిల్ చివర అందరూ చదివే చోట రాశాను. మా బ్రౌజర్ పేరు, నా పేరు, నవంబరులో నేనిచ్చిన జవాబు అన్నీ పెట్టాను. అనుకున్నట్టే మొదట అదే అడిగారు, ఏదో ఒకటి రాసుకోవచ్చు కదా అని. సూర్యకాంతమ్మ మామ్మ మాటలు ముందు తెలుగులోనే పెట్టి, కింద అర్థం రాశాను.  మర్నాడు వేరే బ్రౌజర్ కంపెనీ పెద్దాయన ఒకాయన, నేను ఎప్పుడూ ఎదురుగా వాదించే మనిషి, ఈ గడికి ఇంతకన్నా మంచి నిర్వచనం నేను చదవలేదు అని రాశాడు. ఆ తర్వాత తొంభై జవాబుల వాదన నడిచింది. డేటా సేవర్ గురించి పుస్తకంలో ఎందుకు, అది బ్రౌజర్ సొంత వ్యవహారం అని కొందరు. పేజీ అర్థం మారిపోతే అది సొంత వ్యవహారం కాదని కొందరు. నీ నర్సు చార్టు చదివాక చాలామంది మా వైపు మొగ్గారు. చివరికి ఒక వాక్యం ఒప్పుకున్నారు: పేజీని ఎంత నలిపినా పట్టికలో ఏ గడి ఏ శీర్షిక కింద ఉందో అది మారకూడదు.

ఆ వాక్యం ఒక్కటే అయితే మా కంపెనీ కదిలేది కాదు, పోలీసులు లేరని చెప్పాను కదా. పోలీసులు లేని చోట టెస్టులు ఉంటాయి. ప్రతి వాక్యానికీ చిన్న పరీక్ష పేజీ తయారు చేసి పెడతారు, బ్రౌజర్లన్నీ దాన్ని గీస్తాయి, సరిగ్గా గీస్తే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు, లోకమంతా చూస్తుంది. ఈ పరీక్ష నేనే రాశాను. నాలుగు గడులు, మూడోది ఖాళీ. నాలుగోది నాలుగో శీర్షిక కిందే ఉందా? మిగతా బ్రౌజర్లన్నిటికీ ఆకుపచ్చ పడింది. మాకు ఎరుపు. నేను రాసిన టెస్టులో నేను రాసిన ముక్క తప్పింది. మోహన్ రెండు రోజులు నాతో ముభావంగా ఉండి, మూడో రోజు వచ్చి "ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగాడు. అప్పటికే చేసి పెట్టేశానని చెప్పాను. ఉద్యోగం ఉంది. ఇక చప్పట్లు ఉండవు, అది కూడా సరే.

కొత్త వెర్షన్ జూన్ 5న వస్తుంది. వస్తుంది గానీ ఫోన్లలోకి దానంతట అది దిగదు, డేటా ఖర్చని మనవాళ్ళు అప్‌డేట్ ఆపేసి పెట్టుకుంటారు. నువ్వు ఆ నలభై ఒక్క ఫోన్లూ పట్టుకోవాలి. మరీ పాత ఫోన్లకి కొత్త వెర్షన్ ఎక్కదు, వాటిలో డేటా సేవర్ తీసేయించు.

దీంతో పాటు అన్నయ్యకి వేరే కాగితం పెట్టాను. ఫోన్లో మూడుసార్లు ప్రయత్నించాను, నా వల్ల కాలేదు. నువ్వు చదివి వినిపించు. ఏమన్నా అననీ, అన్నది అన్నట్టు నాకు రాయి. మెత్తగా మార్చి రాయకు.

రమణి


పెదజాలారిపేట
జూన్ 19

రమణీ,

ఏమన్నాడో తెలుసుకోవాలని నువ్వు కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటావని తెలుసు. వరసగా చెప్తాను, ఓపిక పట్టు.

ఆరో తారీకు నుంచి నాలుగు రోజులు నేనూ తాయారూ సంఘం ఆఫీసు వైఫై దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాం. ఒక్కొక్క ఫోనూ తీసుకుని కొత్త వెర్షన్ ఎక్కించాం. నలభై ఒక్కటిలో ముప్పై అయిదింటికి ఎక్కింది, ఆరింటిలో డేటా సేవర్ తీసేశాం. ప్రతి ఫోన్లోనూ ఉత్తుత్తి పేజీ తెరిచి, ఖాళీ గడి ఖాళీగా ఉందని ఆ మనిషి చేతే చూపించి పంపాం. పదో తారీకు సంఘం మీటింగులో తిరుమలరావు గారు వాళ్ళ ఫోన్, వీళ్ళ ఫోన్ లాక్కుని పది చూశారు. "సరే, పేజీ ఉంతాది, బోర్డూ ఉంతాది" అన్నారు. రెండూ ఉండనీ, నాకేం నొప్పి.

నీ కాగితం మాత్రం అప్పుడు మీ అన్నకి చదవలేదు. వేటకి వెళ్ళే మనిషి మనసు పాడుచేయడం ఇష్టం లేకపోయింది. పదిహేనో తారీకు తెల్లవారి బోట్లన్నీ వెళ్ళాయి. మీ అన్న పద్దెనిమిది సాయంత్రానికి రావాలి. రాలేదు. నేను పేజీ వైపు చూడకుండా ఉండటానికి వంటగది డబ్బాలన్నీ కడిగాను.

పంతొమ్మిది పొద్దున్న ఏడింటికి వైర్‌లెస్ గది తలుపు తీసేసరికి గోపీ అక్కడ నిలబడి ఉన్నాడు. ఏమీ అడగలేదు. ఫోన్ నా ముందు పెట్టాడు. మీ అన్న బోటు పేరు, మూడో గడి ఖాళీ. "ఆఖరి కబురు ఎటునుంచి?" అని మాత్రం అన్నాడు. భీమిలి తూర్పుగా అని చెప్పాను. ఎనిమిదయ్యేసరికి గోపీ బోటు, ఇంకా రెండు బోట్లు బయల్దేరాయి. ఎవరినీ పిలవలేదు, ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకుని వచ్చారు.

మధ్యాహ్నం 12:40కి మీ అన్న దర్జాగా జెట్టీకి వచ్చాడు. బోటు నిండా కవ్వళ్ళు. ఇంజనుకి ఏమీ కాలేదు, చేపలు పడుతున్నాయని ఆగిపోయాడట. వెనకాలే గోపీ బోటు. సముద్రం మీద గోపీ అరిచి పిలిచినా మీ అన్న పలకలేదట. జెట్టీ మీద నన్ను చూసి "ఏటీ గోల, సేపలు పడితే ఆగకూడదేటి, మూడు బోట్లు ఎందుకెల్లినాయి" అని ఎగిరాడు.  ఇంటికి తీసుకెళ్ళి, అన్నం పెట్టి, నీ కాగితం తీసి చదివాను.

మెత్తగా మార్చొద్దన్నావు, మార్చను. మొదటిసారి చదివినప్పుడు కంచం వైపే చూస్తూ విన్నాడు. ఆ గడి తీసేసింది నేనే అన్నయ్యా, నవంబరులో రాశాను, జనవరిలో అందరి ఫోన్లకీ పంపాను, నువ్వు వచ్చేశావని అందరికీ అబద్ధం చెప్పింది నేను రాసిన ముక్కే, అని నువ్వు రాసిన చోట చెయ్యెత్తి ఆపాడు. మళ్ళీ మొదట్నుంచీ చదవమన్నాడు. చదివాను. "అయితే గోపీ ఫోన్లో నాను వచ్చీసినట్టే ఉన్నాదా" అని అడిగాడు. ఉంది అన్నాను. "అందరి ఫోన్లలోనా?" వేటకెళ్ళే అందరి ఫోన్లలోనూ అన్నాను.

కంచం పక్కకి జరిపాడు. తిడతాడనే అనుకున్నాను. అప్పుడు చెప్పాడు, నాలుగు నెలలుగా నాకు కూడా చెప్పని మాట. మూడు రోజులు నీళ్ళ మీద పడి ఉన్నప్పుడు దాహానికి కూడా అంత ఏడుపు రాలేదట. రెండో రోజు పొద్దున్న దూరంగా గోపీ బోటు కనపడిందట. చొక్కా విప్పి ఊపాడట. అది వల వేసుకుని, తిరిగి వెళ్ళిపోయిందట. గడి ఖాళీగా ఉందని తెలిసి కూడా పేట మొత్తం తనని వదిలేసిందని అనుకున్నాడు. పేజీ తప్పు చూపించిందని మేమంతా చెప్తే, మొహమాటానికి అల్లిన సాకు అనుకున్నాడు. చెల్లెలు లేనిపోని తప్పు తన నెత్తిన వేసుకోదు కదా, అందుకని ఇప్పుడు నమ్మాడు.

"అయితే నన్నెవులూ ఒగ్గెయ్యనేదన్నమాట" అన్నాడు.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది రమణీ. నీ మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు గానీ, అప్పటికి లేదు. మీ అన్న చెయ్యి కడుక్కుని, బుట్టలో మంచి కవ్వళ్ళు నాలుగు ఏరి పెట్టుకుని గోపీ ఇంటికి వెళ్ళాడు. వెళ్ళి మూడు గంటలైంది, ఇద్దరూ ఇంకా అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నారని తాయారు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పింది.

మీ వదిన,
ఈశ్వరి